స్టాండ్స్‌లోంచి సింగ్‌నగర్‌కి
(డ్రిల్లు మాస్టారి ఉత్తరాల పేజీ)

పోయిన సంచికలో స్పెయిన్‌లోని వలెన్సియా ఫుట్‌బాల్ అభిమానుల గురించి నాలుగు ముక్కలు రాశాను. 2024 అక్టోబరు 29న వరద ఆ ఊరి శివార్లను ముంచేస్తే, వాళ్ళ మెస్తాయా స్టేడియం గేట్లు తెరిచి బాధితుల కోసం తిండి సామాన్లు సేకరించారు. ఇంతే రాశాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేని మీదా రాలేదు. ‘సచిన్ గొప్పా, కోహ్లీ గొప్పా’ తరహా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి తోసేసి, ఈసారికి వరద ఉత్తరాలకే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది తెనాలి. ఐపీఎల్ వస్తే సెంటర్లో తెర కట్టి మ్యాచ్‌లు చూసే బ్యాచ్ మాది. వాట్సాప్ గ్రూపులో వంద మంది దాకా ఉన్నాం. 2024 సెప్టెంబరులో బెజవాడ మునిగినప్పుడు పులిహోర పొట్లాలు కట్టించి ఆటోల్లో తీసుకెళ్ళాం. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరే జనం ఎగబడ్డారు. సగం కింద పడిపోయాయి. లోపలి వీధులకి వెళ్ళలేకపోయాం. మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే మాలాంటి వాళ్ళం ఏం చేయాలి?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: పులిహోర మంచి ఆలోచనే బాబూ. సాంబారన్నం అయితే మధ్యాహ్నానికే పాడైపోయేది. ఆ రోజుల్లో ఫ్లైఓవర్ దగ్గర మీకొక్కరికే కాదు, అందరికీ అదే అనుభవం. గుంటూరు నుంచి, ఏలూరు నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళంతా అక్కడిదాకానే రాగలిగారు. అవతలంతా నీళ్ళు. పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీల్లో మేడల మీద ఉన్నవాళ్ళకి పడవో, ట్రాక్టరో, డ్రోనో వెళితేనే ముద్ద. ఫ్లైఓవర్ మొదట్లో ఒక్కొక్కరి చేతిలో నాలుగేసి పొట్లాలు. చివరి వీధిలో తాగడానికి నీళ్ళు లేవు.

అందుకని నీళ్ళు నిలిచి ఉన్న రోజుల్లో మీ బ్యాచ్ చేయాల్సింది ఫోను పని. ఏ వీధిలో, ఎన్నో అంతస్తులో, ఎవరున్నారు? నెలలు నిండిన ఆడపిల్ల ఉందా? షుగరు మాత్రలు అయిపోయినవాళ్ళున్నారా? చంటిపిల్లకి పాలపొడి కావాలా? మీ వంద మందిలో పదిమందికైనా బెజవాడలో చుట్టాలుంటారు. వాళ్ళని అడిగి వీధివారీగా ఒక జాబితా రాసి, పడవలున్న ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళకో, ఆ వార్డు సిబ్బందికో ఇవ్వండి. ‘అందరికీ అన్నీ కావాలి’ అనే ఫోను కంటే ‘ఫలానా వీధి, మూడో మేడ, ఇన్సులిన్’ అనే ఫోనుకి పడవ తొందరగా కదులుతుంది. మీరు మాత్రం ఆ నీళ్ళలోకి దిగొద్దు. 2018లో కేరళలో మత్స్యకారులు సొంత పడవల్ని లారీల మీద వేసుకొచ్చి జనాన్ని బయటికి తెచ్చారంటే, వాళ్ళు పుట్టిందే నీళ్ళ మీద. మనం పుట్టింది టీవీ ముందు.

అసలు పని నీళ్ళు తీశాక మొదలవుతుంది. బెజవాడని ముంచిన బుడమేరు వాగుకి పడ్డ మూడో గండిని సెప్టెంబరు 7న పూడ్చారు. నీళ్ళు నెమ్మదిగా లాగాయి. టీవీ వాళ్ళూ వెళ్ళిపోయారు, పొట్లాలు తెచ్చేవాళ్ళూ తగ్గిపోయారు. అప్పుడు జనం తలుపులు తీసి చూసుకుంటే ఇంట్లో పిక్కలదాకా బురద. వీధుల్ని ఫైరింజన్లతో కడిగించారు గానీ, వంటింట్లోకి ఫైరింజను రాదు కదా. ఆ బురద తడిగా ఉన్నప్పుడే ఎత్తాలి. రెండెండలు కాసిందంటే పెంకు కడుతుంది, పారకి కూడా లేవదు. ముసలి దంపతులు ఇద్దరే ఉన్న ఇంట్లో దాన్నెవరు ఎత్తుతారు?

మా గ్రౌండులో ఆడుకునే కుర్రాళ్ళు కొందరు సన్‌రైజర్స్ నారింజ జెర్సీలు వేసుకుని రాజరాజేశ్వరీపేటకి వెళ్ళారు. వెనకాల నేనూ వెళ్ళాను. ఎత్తే వయసు కాదు కాబట్టి నా మెడలో ఈల వేశారు. లోపలి గదిలో ఇద్దరు పారలతో తీస్తుంటే, గదిలోంచి వీధి దాకా మిగతావాళ్ళు వరసగా నిలబడి గమేళాలు చేతులు మార్చారు. మొదట అంతా గందరగోళం, ఒకడి కాలు ఒకడు తొక్కడం. ఇంతలో ఎవడో ఉప్పల్ స్టాండ్స్‌లో కొట్టే చప్పట్ల వరస అందుకున్నాడు. రెండు చప్పట్లు, ఒక కేక. చేతులు ఖాళీ లేవు కాబట్టి చప్పట్లు కూడా నోటితోనే. కేకకి గమేళా చెయ్యి మారాలి. అంతే, పని గాడిలో పడింది. ఆ ఇంటి మామ్మగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తూ, ‘బురద సంగతి తర్వాత, ముందు ఆ బీరువా తియ్యండర్రా’ అంది. తలుపు బిగుసుకుపోయింది. బురదలో తుప్పు పట్టి తాళంచెవి తిరగడం లేదు. కొబ్బరినూనె పోసి, సుత్తితో చుట్టూ తట్టి, చివరికి గునపం పెట్టి లేపారు. లోపల పట్టుచీరలు, ఇంటి దస్తావేజులు, పింఛను పుస్తకం, అన్నీ తడిసి ముద్ద. కాగితాల్ని ఎండలో పెట్టబోతుంటే నేనే ఆపాను. ఎండలో పెడితే అంటుకుపోయి పెళుసెక్కుతాయి. నీడలో, ఒక్కొక్క కాగితం విడదీసి, మధ్యలో పాత న్యూస్‌పేపరు పెట్టి, ఫ్యాను గాలికి ఆరబెట్టాలి.

వలెన్సియాలోనూ జరిగింది ఇలాంటిదే. ఊళ్ళోంచి వేలమంది కుర్రాళ్ళు చీపుళ్ళు, పారలు భుజాన వేసుకుని, తూరియా కాలవ మీది కాలిబాట వంతెన దాటి, మునిగిన పేటలకి నడిచి వెళ్ళారు. అందులో ఎవరు ఏ క్లబ్బు అభిమానో లెక్కలేదు.

ఇప్పుడు మీ బ్యాచ్ దగ్గర ఏమున్నాయో చూసుకోండి. ఎవడికి ట్రాలీ ఆటో ఉందో, ఎవడి మేనమామకి ట్రాక్టరుందో, ఎవడి మాట మిగతావాళ్ళు వింటారో మీకు ముందే తెలుసు. హైదరాబాదులో మ్యాచ్ ఉందంటే టిక్కెట్లు, బండి, దారిలో టిఫిను అన్నీ ఒక్క రాత్రిలో కుదుర్చుకుంటారు. వరద వచ్చాక కమిటీ వేసుకునేవాళ్ళకి ఇదంతా కుదరడానికే వారం పడుతుంది. కాబట్టి వానాకాలానికి ముందే గ్రూపులో ఒక మెసేజ్ పెట్టి సరంజామా చూసుకోండి. పారలు, గమేళాలు, నీళ్ళు తోసే వైపర్లు, మోకాలి దాకా వచ్చే గమ్‌బూట్లు, రబ్బరు గ్లౌజులు, బ్లీచింగ్ పౌడరు. కొనక్కర్లేదు, తాపీ మేస్త్రీల దగ్గర సగం దొరుకుతాయి. అందరి బ్లడ్ గ్రూపులూ కూడా రాసి పెట్టుకోండి.

ఒక్కటి మాత్రం తీసుకెళ్ళకండి, పాత బట్టలు. 2004 సునామీ తర్వాత నాగపట్నంలో రోడ్ల పక్కన పాత బట్టలు గుట్టలు పడి ఉన్నాయి. బీరువా ఖాళీ చేసుకోవడానికి వరదొక సాకు మనవాళ్ళకి. ఇల్లు పోయినవాళ్ళకి మనం కట్టి విడిచిన చీరెందుకు? ఇవ్వాలనుకుంటే కొత్త నైటీలు, లుంగీలు, లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, దుప్పట్లు ఇవ్వండి.

ప్రశ్న: మాస్టారుగారికి, మాది సింగ్‌నగర్. మా ఇంట్లో నడుంలోతు నీళ్ళొచ్చాయి. ఏదో టీము జెర్సీలు వేసుకున్న పిల్లలు వచ్చి పాల ప్యాకెట్ చేతిలో పెట్టి, ‘కొంచెం ఇటు చూడండాంటీ’ అని ఫొటో తీసుకున్నారు. అప్పుడు తడిసిన చీరతో ఉన్నాను. ఆ ఫొటో మా ఆడపడుచు వాళ్ళ ఊరిదాకా వెళ్ళింది. పాలిచ్చిన పిల్లల్ని తిట్టడానికి నోరు రాదు. కానీ ఆ ఫొటో తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు. నాది మరీ ఎక్కువంటారా?
– ఒక గృహిణి

జవాబు: ఏమాత్రం ఎక్కువ కాదమ్మా. అర లీటరు పాలకి మీ పరువు వెల కట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ పిల్లల జాడ తెలిస్తే, ఎవరి చేతనైనా నేరుగా ‘ఆ ఫొటో తీసెయ్యండి’ అని చెప్పించండి. చాలామంది తీసేస్తారు. వాళ్ళది చెడ్డబుద్ధి అయ్యుండదు. చందా ఇచ్చినవాళ్ళకి రుజువు చూపించాలన్న టెన్షన్, దాని మీద కాస్త లైకుల పిచ్చి.

ఈ పేజీ చదివే అభిమాన సంఘాల వాళ్ళకి చెబుతున్నాను. రుజువే కావాలంటే కిరాణా కొట్టు బిల్లుకి ఫొటో తీయండి. ఎక్కించిన లారీకి తీయండి. కడిగిన గదికి తీయండి. తీసుకునే మనిషి మొహం మాత్రం ఫొటోలో పడకూడదు. 2018 వరదల తర్వాత కేరళ బ్లాస్టర్స్ ఫుట్‌బాల్ జట్టు అక్టోబరులో కొచ్చిలో ముంబయి సిటీతో ఆడిన మ్యాచ్‌కి ప్రత్యేకంగా ఒక జెర్సీ వేసుకుంది. దాని మీద జనాన్ని కాపాడిన మత్స్యకారుల పడవలు, హెలికాప్టర్ల బొమ్మలు ముద్రించారు. మునిగినవాళ్ళని కాకుండా ముంపులోకి వెళ్ళినవాళ్ళని చూపించారు. ఆ మర్యాద మన పిల్లలకీ నేర్పితే వస్తుంది.

ప్రశ్న: 2014లో హుద్‌హుద్ తుపాను వల్ల మా విశాఖలో మ్యాచ్ పోయింది. ఆ టిక్కెట్టు ఇంకా నా దగ్గరే ఉంది. ఆ సిరీస్ ఏమైందో మర్చిపోయాను. గుర్తు చేస్తారా?
– విశాఖపట్నం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: వెస్టిండీస్‌తో మూడో వన్డే అది. అక్టోబరు 14న జరగాలి. 12న తుపాను తీరం దాటింది, మ్యాచ్ రద్దయింది. ధర్మశాలలో నాలుగో వన్డే ఆడాక, జీతాల గొడవతో వెస్టిండీస్ వాళ్ళు సిరీసే వదిలేసి ఇంటికెళ్ళిపోయారు. ఆ వారం విశాఖలో టిక్కెట్లున్నవాళ్ళు కూడా క్రికెట్ ఊసెత్తలేదు. కరెంటు లేదు, పాల కోసం క్యూ, పెట్రోలు కోసం క్యూ, వీధికి అడ్డంగా చెట్లు. టిక్కెట్టు దాచుకోండి, మనవలకి చూపించొచ్చు.

ప్రశ్న: సార్, మా కాలేజీలో వరద బాధితుల కోసం బెనిఫిట్ క్రికెట్ మ్యాచ్ పెడదామంటున్నారు. ఇలాంటి మ్యాచ్‌ల వల్ల నిజంగా డబ్బు వస్తుందా? లేక సరదాకేనా?
– హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని

జవాబు: వస్తుందమ్మా, మిగిల్చుకోవడం తెలిస్తే. సునామీ బాధితుల కోసం 2005 జనవరి 10న మెల్‌బోర్న్‌లో వరల్డ్ ఎలెవన్, ఏషియా ఎలెవన్ ఆడాయి. 70 వేల మందికి పైగా వచ్చారు. పాంటింగ్ సెంచరీ కొట్టాడు, మన ద్రవిడ్ 75 చేసి నాటౌట్‌గా నిలిచాడు. దాదాపు కోటీ నలభై లక్షల ఆస్ట్రేలియా డాలర్లు పోగయ్యాయి. పాకిస్తాన్‌లో 2022 వరదలకి 1,700 మందికి పైగా చనిపోయిన ఏడాదే, 17 ఏళ్ళ తర్వాత ఇంగ్లండ్ జట్టు అక్కడికి వెళ్ళింది. కరాచీలో మొదటి టీ20 టిక్కెట్ల డబ్బంతా వరద నిధికి ఇచ్చారు. తర్వాత టెస్టులకి వచ్చిన బెన్ స్టోక్స్ ఆ సిరీస్‌లో తన మ్యాచ్ ఫీజులన్నీ వరద సాయానికే ఇచ్చేశాడు. కరాచీలో ఆ టిక్కెట్టు కొన్న మామూలు ప్రేక్షకుడు కూడా ఆ రోజు దాతే.

మన దగ్గర బెనిఫిట్ మ్యాచ్‌ని తినేసేవి వేరే ఉన్నాయి. షామియానా, మైకు సెట్టు, ముఖ్య అతిథి, ముఖ్య అతిథికి శాలువా, శాలువా కప్పినవాళ్ళకి మెమెంటో, అందరికీ భోజనాలు. చివరికి మిగిలింది లెక్కేస్తే వరద బాధితులే నిర్వాహకులకి ఎదురివ్వాలి! మీరు ఖర్చులకి ముందే ఒక దాతని వేరుగా చూసుకోండి. టిక్కెట్టు డబ్బులో రూపాయి కూడా కదపకుండా, మర్నాడే ముఖ్యమంత్రి సహాయ నిధికి కట్టి, రసీదు నోటీసు బోర్డులో అంటించండి. వాట్సాప్‌లో తిరిగే క్యూఆర్ కోడ్‌లకి పంపకండి. వరద వచ్చిన మర్నాటికల్లా దొంగ కోడ్‌లు పుట్టుకొస్తాయి.

ప్రశ్న: జనం వరదలో ఉంటే మ్యాచ్‌లు ఆడటం, చూడటం ఏం న్యాయం? ఆపెయ్యాలి కదా?
– కరీంనగర్ నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: మునిగిన ఊళ్ళో ఆపాల్సిందే. వలెన్సియా, రియల్ మాడ్రిడ్ మ్యాచ్ 2024 నవంబరు 2న జరగాల్సింది. దాన్ని వాయిదా వేసి 2025 జనవరి 3న ఆడించారు. ఆ వారాంతం స్పెయిన్‌లో మిగతా మ్యాచ్‌లు చాలా వరకు జరిగాయి. అప్పటి మాడ్రిడ్ కోచ్ ఆంచెలోట్టి, వలెన్సియా కోచ్ బరాహా ఇద్దరూ అవి కూడా ఆపాల్సిందన్నారు. వాళ్ళతో నేను ఏకీభవిస్తాను. బురదలో శవాల కోసం ఇంకా వెతుకుతున్నారు, పక్క ఊళ్ళో గోల్ కొట్టి డాన్సా?

దూరాన జరిగే ఆట సంగతి వేరు. 2018 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లోని ట్రెంట్‌బ్రిడ్జ్‌లో టెస్టు గెలిచి, కోహ్లీ ఆ గెలుపుని కేరళ వరద బాధితులకి అంకితమిచ్చాడు. దానివల్ల ఎవరి ఇంట్లోనూ నీళ్ళు తగ్గలేదు. అయినా శిబిరాల్లో రేడియో వినేవాళ్ళకి, మనల్ని ఒకడు గుర్తుపెట్టుకున్నాడన్న మాట చేదుగా ఏమీ ఉండదు.

ప్రశ్న: టర్కీలో భూకంపం తర్వాత అభిమానులు గ్రౌండులోకి బొమ్మలు విసిరిన వీడియో చూశాను. చూస్తే ఏడుపొచ్చింది గానీ, ఆ డబ్బుతో రొట్టెలు కొనిస్తే మేలు కదా అనిపించింది. మీరేమంటారు?
– అనంతపురం నుంచి ఒక టీచరు

జవాబు: రొట్టెలూ ఇచ్చారు టీచరుగారూ. 2023 ఫిబ్రవరి 6న భూకంపం వచ్చిన వెంటనే ఇస్తాంబుల్ పెద్ద క్లబ్బులన్నీ సామాన్లు సేకరించే కేంద్రాలు పెట్టాయి. వాటిని మూటలు కట్టింది అభిమానులే. మీరు చూసిన మ్యాచ్ ఫిబ్రవరి 26ది, ఇస్తాంబుల్ క్లబ్బు బెషిక్తాష్‌కి అంతాల్యాస్పోర్‌తో. భూకంపం తెల్లవారుజామున 4 గంటల 17 నిమిషాలకి వచ్చింది కాబట్టి, ఆట మొదలైన 4 నిమిషాల 17 సెకన్లకి ఆపి, భూకంపం పాలైన పిల్లల కోసం స్టాండ్స్ నుంచి బొమ్మలు, మఫ్లర్లు వేశారు. అప్పటికి భూకంపం వచ్చి దాదాపు మూడు వారాలు. ఆ పాటికి గుడారాల్లో పిల్లలకి తిండి ఎలాగో అందుతుంది. పొద్దస్తమానం ఏం చేయాలో తెలియదు. సింగ్‌నగర్‌లో ఒక చిన్నపిల్ల బురదలోంచి ప్లాస్టిక్ బ్యాటు లాగి, వాళ్ళ అమ్మ కంటే ముందు దాన్నే కడగడం నేను చూశాను. బొమ్మ లగ్జరీ అని పెద్దవాళ్ళం అనుకుంటాం, అంతే.

ప్రశ్న: గురువుగారూ, సాయంలో సినిమా అభిమానులు గొప్పా, క్రికెట్ అభిమానులు గొప్పా? మా రూములో గొడవ.
– కాకినాడ నుంచి ఇద్దరు రూమ్మేట్లు

జవాబు: శుక్రవారం హాలు ముందు కటౌట్‌కి పాలు పోసేదీ, ఆదివారం మొహానికి రంగు పూసుకుని ఉప్పల్ వెళ్ళేదీ ఒకడే కదయ్యా! కాకపోతే సినిమా వాళ్ళకి అలవాటు పాతది. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత ఎన్టీఆర్, ఏఎన్నార్ లాంటివాళ్ళు ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. 1998లో చిరంజీవి బ్లడ్ బ్యాంకు వచ్చాక అభిమాని అంటే రక్తం ఇచ్చేవాడు అన్న పేరు పడింది. వాళ్ళకి ఊరికో సంఘం, జిల్లాకో ప్రెసిడెంటు ఉంటారు. మన క్రికెట్ అభిమానికి వాట్సాప్ గ్రూపు తప్ప ఏమీ లేదు, అందులోనూ సగం మీమ్స్. పక్క మలయాళీల్ని చూడండి, కేరళ బ్లాస్టర్స్‌కి మంజప్పడ అని ఎంత పెద్ద అభిమాన సంఘం ఉందో. గొడవ ఆపి అలాంటి సంఘం కట్టే పని మొదలెట్టండి.

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది భీమవరం. మా అబ్బాయి ఇంటర్ అయింది. ఎక్కడ వరదొచ్చినా క్రికెట్ ఫ్రెండ్స్‌తో కలిసి వెళ్ళిపోతానంటాడు. వద్దంటే అలుగుతాడు. పంపించాలంటే నాకు భయం. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: పంపించమ్మా, కానీ మూడు నాలుగు షరతుల మీద. నీళ్ళు తీశాకే వెళ్ళాలి. కరెంటు మెయిన్ ఆపేశారని ఇంటివాళ్ళు చెప్పందే గదిలో అడుగు పెట్టకూడదు. తడి గోడ మీద స్విచ్చు ముట్టుకోకూడదు. బీరువా కింద, మంచం కింద చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టాలి. వరద తర్వాత పాములు పొడి చోటు వెతుక్కుని అక్కడే చేరతాయి. చెప్పులేసుకుని దిగితే బురదలో మేకులు, గాజు పెంకులు గుచ్చుకుంటాయి, బూట్లు ఉండాల్సిందే. టెటనస్ ఇంజక్షన్ చేయించి ఎంతకాలమైందో ఒకసారి చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం ఎలుక జ్వరం. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు కాలి పగుళ్ళలోంచి, గాయాల్లోంచి ఒంట్లోకి వెళితే వస్తుంది. 2018లో కేరళలో నీళ్ళు తీశాక ఇదే చాలామందిని పట్టుకుంది. శుభ్రం చేయడానికి వెళ్ళిన వాలంటీర్లకి కూడా డాక్సీసైక్లిన్ మాత్రలు వేసుకోమని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. మీ అబ్బాయి వెళ్ళే ముందు డాక్టర్ని అడిగి, ఆయన రాస్తేనే వెయ్యండి. మందుల షాపులో సొంతంగా కొనొద్దు. కాలికి దెబ్బ ఉంటే ఆ ట్రిప్పుకి వాడు ఫోను పనే చెయ్యాలి, ఎంత అలిగినా సరే. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లోపు జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళు ఎర్రబడటం లాంటివి కనిపిస్తే మామూలు జ్వరమే అని పారాసిటమాల్‌తో సరిపెట్టకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి, ‘వరద బురదలో పనిచేసి వచ్చాడు’ అని మొదటి మాటగా చెప్పండి.